ఒక్క పైలట్ పోతే యుద్ధం మారుతుందా?

ప్రశ్న: 1973లో పశ్చిమాఫ్రికాలో పోర్చుగల్ వలసగా ఉన్న పోర్చుగీసు గినీలో (ఇప్పటి గినీ-బిసావు) ఫైటర్ విమానాలు కూలడంతో యుద్ధమే తిరగబడిందని చదివాను. ఒకటి రెండు విమానాలు, ఒక పైలట్ ప్రాణం పోతే ముప్పై వేలకు పైగా సైన్యమున్న వలస ప్రభుత్వం చతికిలబడుతుందా? ఇది అతిశయోక్తి కాదా?

జవాబు: కొంత అతిశయోక్తి ఉంది, కానీ మీరనుకున్నంత లేదు. మార్చి 25న గిలేజ్ అనే పోర్చుగీసు సరిహద్దు శిబిరం మీద స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న గెరిల్లాలు దాడి చేస్తుంటే సాయానికి వెళ్లిన ఫియాట్ జీ-91 జెట్‌కు నేల మీద నుంచి వచ్చిన క్షిపణి తగిలింది. పైలట్ లెఫ్టినెంట్ మిగెల్ పెస్సోవా చాలా తక్కువ ఎత్తులో సీటుతో సహా బయటపడ్డాడు. కాలు విరిగింది, రాత్రంతా అడవిలోనే ఉన్నాడు, మర్నాడు వెతికి తెచ్చారు. 28న ఇంకో ఫియాట్ కూలింది. ఈసారి పైలట్ లెఫ్టినెంట్ కల్నల్ అల్మైదా బ్రిటో. బిస్సలాంకా అనే వైమానిక స్థావరంలోని పైలట్లకు నాయకుడు ఆయన. బతకలేదు. ఏప్రిల్ 6న ఒక్కరోజే మరో మూడు చిన్న విమానాలు పోయాయి.

వీటిని కూల్చింది స్ట్రెలా, సోవియట్ యూనియన్ ఇచ్చిన క్షిపణి. గొట్టంతో కలిపి దాదాపు 15 కిలోలు, ఒక మనిషి భుజం మీద పెట్టుకుని పేల్చేయగలడు, జెట్ వెనక నుంచి వచ్చే వేడిని పట్టుకుని అదే వెంటాడుతుంది. అంతకుముందు పదేళ్లపాటు ఆకాశం పూర్తిగా పోర్చుగీసు వాళ్లదే. గెరిల్లాల దగ్గర విమానాలు లేవు, ఉన్న తుపాకులు ఆ జెట్‌లను పెద్దగా అడ్డుకోలేకపోయేవి. అడవి మధ్యలో విసిరేసినట్టున్న ఆ చిన్న శిబిరాలు బతికిందే విమానాల మీద: దాడి జరిగితే జెట్ రావాలి, గాయపడితే హెలికాప్టర్ రావాలి, ఉత్తరాలు, మందులు కూడా పైనుంచే దిగాలి. అందుకే అసలు దెబ్బ విమానాల లెక్కలో లేదు, పిలిస్తే విమానం వస్తుందన్న ధైర్యం పోవడంలో ఉంది. పైలట్ల నాయకుడే తిరిగి రాలేదని తెలిశాక, కందకంలో కూర్చున్న ఇరవయ్యేళ్ల సైనికుడికి ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో ఊహించండి.

అలాగని విమానాలు ఆగిపోలేదు. ఎత్తులు, దాడి చేసే పద్ధతులు మార్చుకుని ఫియాట్‌లు మళ్లీ ఎగిరాయి. కానీ మే 22న గిలేజ్‌ను ఖాళీ చేసి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్న అధికారిని పై వాళ్లు అరెస్టు చేశారు. నా దృష్టిలో అది అన్యాయం, సాయం రాని చోట మనుషులను చావనివ్వకుండా తీసుకెళ్లడం నేరమెలా అవుతుంది? సెప్టెంబరు 24న గినీ-బిసావు స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో నియంతృత్వాన్ని కూల్చిన సైనికాధికారుల్లో చాలామంది గినీలో పనిచేసి, ఈ యుద్ధం గెలిచేది కాదని కళ్లారా చూసినవాళ్లే.

ప్రశ్న: ఆ యుద్ధంలో గెరిల్లాలకు పట్టుబడిన పైలట్లు ఉన్నారా?

జవాబు: ఉన్నారు. ఆంటోనియో లొబాటో అనే సార్జెంట్ 1963 మేలో, అంటే యుద్ధం మొదలైన నాలుగు నెలలకే, తన టీ-6 విమానాన్ని అత్యవసరంగా దించి దొరికిపోయాడు. పక్క దేశమైన గినీ రిపబ్లిక్‌లో ఏడేళ్లకు పైగా ఖైదులో ఉన్నాడు, పారిపోవాలని చూసి మళ్లీ పట్టుబడ్డాడు. 1970 నవంబరు 22న పోర్చుగీసు దళాలు రాత్రివేళ సముద్రం మీదుగా కొనాక్రీ నగరంపై దాడి చేసి అతనితో పాటు ఇతర ఖైదీలను విడిపించుకెళ్లాయి. మరో స్వతంత్ర దేశం రాజధాని మీద జరిగిన ఆ దాడిని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఖండించింది. ఏడేళ్ల తర్వాత ఇంటికి చేరిన మనిషిని చూస్తే సంతోషమే, దాడిని మాత్రం నేను సమర్థించలేను.

ప్రశ్న: ఊళ్ల మీద బాంబులు వేసిన పైలట్ చనిపోతే మనం బాధపడాలా? సూటిగా చెప్పండి.

జవాబు: బాధపడవచ్చు, అయితే ఆ బాధ ఆయన దగ్గరే ఆగిపోకూడదు. ఆ జెట్‌ల కింద బతికిన రైతులు నాపామ్ (అంటుకుని మండే బాంబు రసాయనం) మంటలు చూశారు, కాలిన పొలాలు వదిలి అడవుల్లోకి పారిపోయారు. అల్మైదా బ్రిటో పేరు, హోదా, పోయిన తేదీ మనకు తెలుసు, వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా రాసి లేవు. ఈ తేడా నన్ను చాలా కలవరపెడుతుంది. గెరిల్లాల స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు అమీల్కార్ కబ్రాల్ మాత్రం, మా పోరాటం పోర్చుగీసు ప్రజల మీద కాదు, వలస పాలన మీద అని చివరిదాకా చెబుతూ వచ్చాడు, 1968లో కొందరు పోర్చుగీసు ఖైదీలను రెడ్‌క్రాస్‌కు అప్పగించాడు కూడా. ఆయన్ని 1973 జనవరి 20న కొనాక్రీలో కాల్చి చంపారు, స్ట్రెలా మొదటి ఫియాట్‌ను కూల్చడానికి రెండు నెలల ముందు.