టీకొట్టు దగ్గర నలభై నిమిషాలు

కోవూరు,
ఆదివారం

అమ్మాయ్,

బండి మీద లేహ్ దాకా వెళ్ళొచ్చి నువ్వు రాసి పంపిన యాత్రాకథనం రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద పడుకుని, రెండోసారి కుర్చీలో కూర్చుని, పెన్ను పట్టుకుని. మనాలి దారిలో వాగు దాటుతుంటే బూట్లలోకి నీళ్ళు పోయాయనీ, సాక్సులు వేడి సైలెన్సర్ మీద ఆరేస్తే ఒకటి కాలిపోయిందనీ రాశావే, అక్కడ పైకే నవ్వాను. తిరుగు ప్రయాణంలో నాగపూర్ నుంచి హైదరాబాద్ దాకా ఒక్క వాక్యంలో దాటించేశావు. మంచి పని చేశావు. చెప్పడానికి ఏమీ లేని దారిని చెప్పకపోవడం చాలామందికి చేతకాదు, నాక్కూడా ఆలస్యంగానే వచ్చింది.

నా బాధంతా చివరి పేజీతోనే. "అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 6,412 కిలోమీటర్లు నన్ను నాకు పరిచయం చేశాయి. గమ్యం కన్నా దారే గొప్పదని తెలిసింది." నిజంగా తెలిసిందా? ఇరవై ఆరు రోజులు బండి మీద కూర్చుని నడుం పట్టేసిన మనిషికి ఇల్లు కనపడగానే తెలిసేది అదేనా? నాకైతే స్నానం గుర్తొస్తుంది.

ఇంకో రెండు చోట్ల కూడా పెన్ను ఆగింది. లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 18,380 అడుగులన్నావు. అది అక్కడి బోర్డు మీది లెక్క. జీపీఎస్‌తో కొలిస్తే 17,582 అడుగులే వచ్చింది. బోర్డు మీద ఏముందో రాయి, దాని పక్కన నిలబడి ఫోటో దిగానని రాయి, తప్పులేదు. కొండ అంత ఎత్తుందని మాత్రం నీ మాటగా చెప్పకు. రెండోది నన్ను ఇంకా కష్టపెట్టింది. "టంగుటూరు దగ్గరికి రాగానే బ్యారన్లలో ఆకు కాలుతున్న వాసన స్వాగతం పలికింది" అట! నువ్వొచ్చింది సెప్టెంబర్లో. అప్పటికి మీ వైపు పొగాకు ఇంకా నారుమళ్ళలోనే ఉంటుంది. ఆకు కొట్టి బ్యారన్‌కి, అదే వేడి పెట్టి ఆకు ఆరబెట్టే గదికి, ఎక్కించడం సంక్రాంతికి అటూ ఇటూ. పొగాకు రైతు బిడ్డవి, నీకు తెలియక కాదు. సొంతూరు చేరుతున్నామంటే ఏదో ఒక వాసన రావాలి కదా అని తెచ్చి పెట్టేశావు. ఆ అమ్మ కన్నీళ్ళు కూడా అలాగే వచ్చాయేమోనని నా అనుమానం.

నిన్ను అనడానికి నాకేం హక్కుందో కూడా చెప్తాను. 1991లో సెకండ్‌హ్యాండ్ యెజ్డీ మీద కన్యాకుమారి వెళ్ళి వచ్చాను. మదురై దాటాక స్పీడోమీటర్ కేబుల్ తెగింది, అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగానో ఇప్పటికీ నాకు తెలీదు. రాత్రి పదింటికి నెల్లూరు దాటి పెన్న వంతెన ఎక్కాను. అవతలే కోవూరు, మా ఇల్లు. దాని గురించి ఒక పత్రికకు రాస్తూ, వంతెన మధ్యలో బండి ఆపాననీ, వెన్నెల్లో నిండుగా పారుతున్న పెన్నను చూసి ఏడ్చాననీ రాశాను. అచ్చయింది కూడా. మర్నాడు మా వీధిలో పెద్దాయన ఒకరు నన్ను పిలిచి, "ఏమబయా, మే నెల్లో పెన్నలో నీళ్ళేడున్నాయి?" అని అడిగాడు. నిజమే. ఉన్నదంతా ఇసుకే. నేను ఆగనూ లేదు, ఏడవనూ లేదు. పెట్రోలు రిజర్వుకు వచ్చేసింది, ఈ వంతెన మీద ఆగిపోతే తోసుకుంటూ పోవాలే అన్న టెన్షన్ తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. రంగనాయకుల గుడి గోపురం వైపు తలెత్తి చూసినట్టు కూడా గుర్తులేదు. ఇప్పుడు రాయాల్సి వస్తే ఆ రిజర్వు పెట్రోలే రాస్తాను.

నీకు నాకంటే మంచి ముగింపు దొరికింది. దాన్ని రచనలో పెట్టకుండా, రచనతో పాటు పంపిన ఉత్తరంలో పెట్టావు! "టంగుటూరు టోల్‌గేట్ దాటాక టీకొట్టు దగ్గర నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నాను మాస్టారూ, ఎందుకో తెలీదు" అని రాశావు చూడు, నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. ఇంటికి ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు. అంత దూరం తిరిగొచ్చిన పిల్ల సొంతూరు సింగరాయకొండ ముందు కూలబడిపోయింది. ఎందుకు?

ఎందుకో నువ్వు విప్పి చెప్పక్కర్లేదు, తెలియకపోతే తెలియనట్టే ఉంచు. ఆ నలభై నిమిషాల్లో ఏమేం జరిగిందో మాత్రం రాయి. ఎన్ని టీలు తాగావు? అమ్మ ఫోన్ చేసిందా, చేస్తే ఎక్కడున్నానని చెప్పావు? మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కినప్పటి నుంచి సముద్రం గాలి తగులుతూనే ఉండుంటుంది, నీకది ఎక్కడ తెలిసింది? అన్నాళ్ళు హ్యాండిల్ పట్టుకున్నాక ఆ అదురు అరచేతుల్లోనే ఉండిపోతుంది. గ్లాసు పట్టుకుంటే టీ మీద సన్నగా అలలు లేస్తాయి, చూశావా? ఆపేసిన బండి చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంది, విన్నావా? టీకొట్టాయన లడఖ్ దుమ్ము చూసి ఏమైనా అడిగాడా, లేక పొగాకు వేలం రేట్లే మాట్లాడుకున్నారా? అడక్కపోతే ఇంకా మంచిది. ఈ భాగానికి రెండు పేజీలు పట్టినా సరే. ఖర్దుంగ్ లా నుంచి ఓ పేజీ కొట్టేసుకో, ఎలాగూ అక్కడ మంచు ఎక్కువైంది.

ఆ తర్వాత ఇల్లు. ఇక్కడ తొందరగా పో. గేటు, కుక్క, అమ్మ కేక, చాలు. నీ ఉత్తరంలోదే రెండో మాట, మీ నాన్నది. పలకరించలేదు, అన్నం తిన్నావా అని అడగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి వేలితో లాగి చూసి, "చైన్ లూజుగా ఉంది" అన్నాడని రాశావు. ఆయన అసలు నిన్ను పంపడానికి ఒప్పుకోలేదని మొదటి పేజీలోనే ఉంది కదా. మరి ఈ మాట విడిగా కాగితం చివర ఎందుకు దాచావు? చిన్నతనంగా అనిపించిందా? అమ్మ కన్నీళ్ళు తీసేసి దీన్ని పెట్టు. ఆయన ఆ మాట అన్నాక ఇక ఒక్క ముక్క కూడా రాయకు, ఎంత చెయ్యి దురదపెట్టినా సరే.

తిరగరాసి దసరా లోపు పంపు. నా కళ్ళు అంతంతమాత్రం, అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు.

ఇంతకీ ఆ చైన్ ఎవరు బిగించారు, నువ్వా, మీ నాన్నా? అది రాయలేదు.