పాల కేంద్రం దగ్గర నలభై నిమిషాలు

చి. లావణ్యకు మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో "చదవబుద్ధి అయితలేదు మామా" అని ఒక్క మాట అని, ఫోను మీ అమ్మ చేతికిచ్చావు. మీ అమ్మ అరగంట మాట్లాడింది. అందులో ఒక్కటీ నా చెవికెక్కలేదు, నీ మాటే తిరుగుతోంది. నోటితో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను.

ముందుగా, నీది బద్ధకం కాదని నాకు తెలుసు. 2022 డిసెంబర్‌లో 783 సర్కారు కొలువులకు తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ రాగానే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకున్నావు. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు. తర్వాత నవంబర్ అన్నారు. తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. మొదటి వాయిదాకు "మంచిదే మామా, ఇంకింత టైము దొరికింది" అన్నావు. నాలుగోదానికి ఏమీ అనలేదు. పెండ్లి ముహూర్తం నాలుగుసార్లు మారిస్తే వంటవాడే రానంటాడు. రెండేళ్లు స్టడీ హాల్ కుర్చీకి అతుక్కున్న పిల్లకు మనసు విరిగిందంటే వింతేముంది? లిస్టులో పేరు లేకపోవడం ఆ మీద పడిన దెబ్బ.

అయితే ఆ రెండేళ్లలో నేను చూసింది ఇంకోటి కూడా ఉంది, కోపం తెచ్చుకోకు. డేటు ప్రకటిస్తే రోజుకు పద్నాలుగు గంటలు చదివేదానివి. వాయిదా పడితే పది రోజులు పుస్తకం ముట్టేదానివి కాదు. నీ చదువు తాళంచెవి తీసుకుపోయి, పరీక్ష పెట్టే కమిషన్ వెబ్‌సైట్‌లో వేసే వెబ్‌నోట్ చేతిలో పెట్టావు. ఇప్పుడు ఏ డేటూ లేదు, తాళం తీసేవాళ్లూ లేరు.

నా కథ నీకు సగమే తెలుసు. "మీ మామ నాలుగోసారికి కొలువు కొట్టిండు" అని మీ అమ్మ అందరికీ చెబుతుంది. ముందు మూడుసార్లు ఎందుకు పోయిందో ఆమెకు కూడా తెలియదు. మొదటిసారి మూడు రంగుల సిరాతో టైంటేబుల్ గీశాను. తెల్లవారి నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా నిమిషం ఖాళీ లేదు, తిండికి మాత్రం ఇరవై నిమిషాలు వదిలాను. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు బావి దగ్గర మోటారు కాలింది, దాంతోపాటే టైంటేబులూ కాలింది. ఆ తర్వాత ఎన్ని గీశానో లెక్కలేదు. గీయడం మటుకు బాగా వచ్చింది.

నాలుగోసారి టైంటేబులే లేదు. 1983లో నాయన మంచం పట్టాడు, పాలు మోసే పని నా మీద పడింది. రెండు బర్రెలు మనకు. పొద్దున్నే క్యాను సైకిల్‌కు కట్టుకుని పాల కేంద్రానికి పోతే అక్కడ వరుస. ఒక్కొక్కరి పాలు కొలిచి, వెన్న శాతం చూసి, చీటీ రాసి, నా వంతు వచ్చేసరికి నలభై నిమిషాలు. ఊరికే నిలబడటం ఎందుకని రాజ్యాంగం నోట్సు వెంట తీసుకుపోయి అరుగు మీద కూర్చుని చదివేవాణ్ని. ఇవాళ ఉత్సాహం ఉందా అని నన్ను నేను అడుక్కోలేదు. బర్రెలకు ఆ సంగతి పట్టదు కదా! పాలు పితికాక కేంద్రానికి పోక తప్పదు, పోయాక చదవక తోచదు. నాయన పోయినప్పుడు కొన్ని రోజులు ఆగింది. దినాలైన తెల్లారి మళ్లీ క్యాను కట్టాను, నోట్సు కూడా వచ్చింది. ఆ రోజు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అయినా పేజీలు తిప్పాను. 1984లో కొలువు వచ్చింది.

కాబట్టి నువ్వు రోజూ ఎట్లాగూ చేసే పని ఒకటి వెతుక్కో, చదువును దాని పక్కన కట్టేయి. మీ అమ్మ ఆరింటికి చాయ్ పెడుతుంది. నువ్వు గ్లాసు పట్టుకుని దాబా మీదికి పోయి ఫోను చూస్తావు. ఫోను కింద వదిలి ఒక్క పుస్తకం తీసుకుపో. నలభై నిమిషాలు చాలు. మొదటి నెల ఊపు వచ్చినా అంతకు మించొద్దు. ఇంకాస్త ఆకలి ఉండగానే విస్తరి ముందు నుంచి లేస్తే తెల్లారి మళ్లీ కూర్చోవాలనిపిస్తుంది. నువ్వు నెలనెలా మొదటి వారం ఎక్కువ తిని మిగతా మూడు వారాలు అజీర్తి పడేదానివి.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని యూట్యూబ్‌లో చెబుతారు, నమ్మకు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మంది మీద పరిశీలన చేసి 2009లో ఫలితాలు చెప్పారు. ఒక పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులట. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదట. నువ్వేమో ఒక రోజు తప్పితే ఇక వారమంతా పోయినట్టే అని దుప్పటి కప్పుకుంటావు.

"చదివిందంతా మర్చిపోతున్న" అని ఒకసారి ఏడ్చావు. 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్, అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకున్నాడు. ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే పోతుంది. ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చదివినది నిలుస్తుంది. అందుకని ఇవాళ చదివిన పేజీని రేపు, మూడో రోజు, వారానికి, నెలకు తిరగేయి. తిరగేయడమంటే మళ్లీ చదవడం కాదు. పుస్తకం మూసి ఎవరికైనా చెప్పాలి. మీ అమ్మమ్మ మీ ఇంట్లోనే ఉంది కదా, ఆమెకు చెప్పు. 1973 ఆరు సూత్రాల పథకం, 371డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో - కొలువుల్లో స్థానికుల వాటా గురించి వచ్చిన ఇవన్నీ వరుసగా నీకు నోటికొచ్చు. "మరి ముల్కీ ఎందుకు తీసేసిన్రే?" అని, స్థానికులకే కొలువులన్న ఆ పాత నియమం గురించి ఆమె అడుగుతుంది చూడు, అప్పుడు తెలుస్తుంది నీకు ఏది వచ్చో ఏది రాదో. 1969 తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నేను ఆరో తరగతిలో ఇంట్లో కూర్చున్న సంగతి కూడా చెబుతుంది. ఆ ఉద్యమమే నీ నాలుగో పేపరు.

ఇంకో మాట. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150, మొత్తం 600 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి అందరూ అన్ని బిట్లకూ గుండ్రాలు దిద్దేస్తారు, దిద్దాలి కూడా. కానీ ఇంట్లో టెస్టు రాసేటప్పుడు గుడ్డిగా దిద్దిన ప్రతి బిట్టు పక్కన ఒక చుక్క పెట్టు. తప్పుల పుస్తకంలోకి తప్పులతోపాటు, చుక్క ఉండి ఒప్పయినవి కూడా ఎక్కాలి. అవి నీకు తెలిసినవి కావు, నీ మీద దయతలచినవి. నీ మార్కుల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకుంటే కటాఫ్ గురించి టెలిగ్రామ్ గ్రూపుల్లో కొట్లాడే ఓపిక ఉండదు. ఆ గ్రూపుల్లోంచి ఎలాగూ బయటికి రా. కమిషన్ వెబ్‌సైట్ ఆదివారం ఒక్కసారి చూస్తే చాలు, నోటిఫికేషన్ వస్తే ఊరంతా చెబుతుంది.

ఇక నీకు నచ్చని భాగం. పట్టు వదలకు అని చెప్పి చేతులు దులుపుకుంటే నేను మేనమామను కాను. నాతోపాటు చదివినవాడొకడు నాకంటే తెలివైనవాడు. వయసు దాటేదాకా రాశాడు, రాలేదు. తర్వాత ఎరువుల దుకాణం పెట్టుకుని బాగానే ఉన్నాడు, కానీ ఆ దుకాణం ఎనిమిదేళ్ల ముందే పెట్టాల్సింది అంటాడు. 2024లో వయోపరిమితి 46కు పెంచారంటే 46 దాకా కూర్చోమని కాదు. నీకిప్పుడు 27. ఇంకెన్ని నోటిఫికేషన్లు రాస్తావో నువ్వే ఒక అంకె వేసుకో, కాగితం మీద రాసి మీ నాన్నకివ్వు. ఈలోపు ఏ బడిలోనైనా పూటపని చూసుకో. జీతం ఎంతైనా సరే, నీ చేతికి నెలనెలా డబ్బు వస్తే చదువు మీద భయం తగ్గుతుంది. పెండ్లిళ్లలో "నౌకరి ఏమైంది బిడ్డా" అని అడిగేవాళ్లకు చెప్పడానికి ఒక మాట కూడా ఉంటుంది.

మీ అత్త సకినాలు పంపుతోంది. అదే సంచిలో నా పాల మరకల నోట్సు కూడా పెట్టాను, చినగకుండా చూడు. దాన్ని చూసి మాత్రం చదవకు. అందులో రాజ్యాంగం 1984 దగ్గరే ఆగిపోయింది, ఓటు హక్కు ఇంకా 21 ఏళ్లకే.

మామ