అండాశయ క్యాన్సర్ ముదిరినప్పుడు ముందు ఆపరేషనా, కీమోనా?

మూడు, నాలుగు దశల అండాశయ క్యాన్సర్‌కు ఒక డాక్టరు ముందు ఆపరేషన్ అని, మరొకరు ముందు కీమో అని చెప్పినంత మాత్రాన ఇద్దరిలో ఒకరు పొరబడ్డారని కాదు. కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకుండా తీయగలరా, అంత పెద్ద ఆపరేషన్‌ను రోగి తట్టుకోగలరా అన్నవే ఇక్కడ అసలు ప్రశ్నలు.

రెండింటికీ అవునన్న జవాబు వస్తే సాధారణంగా ముందు ఆపరేషన్‌నే ఎంచుకుంటారు. కడుపు నిండా నీరు చేరి, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయి, మంచం దిగడానికే ఆయాసపడుతున్న మనిషికైనా, చిన్నపేగు పొడవునా ఆవగింజల్లాంటి గడ్డలు పరుచుకున్నట్లు లాప్రోస్కోపీలో (చిన్న కోత ద్వారా కెమెరా పంపి కడుపు లోపల చూసే పరీక్షలో) కనిపించినవారికైనా, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులను మూడు వారాలకొకసారి చొప్పున 3 లేదా 4 విడతలు ఇచ్చి, గడ్డలు తగ్గాక ఆపరేషన్ చేసి, మిగిలిన విడతలు పూర్తిచేయడం మేలు. 2015లో వెలువడిన బ్రిటన్ 'కోరస్' అధ్యయనంలో రెండు పద్ధతుల్లోనూ ఆయుర్దాయం ఇంచుమించు సమానంగానే ఉంది. ఆపరేషన్ తరువాత 28 రోజుల్లోపు మరణాలు మాత్రం ముందు ఆపరేషన్ చేసినవారిలో సుమారు 6 శాతం కాగా, ముందు కీమో తీసుకున్నవారిలో 1 శాతం లోపే.

కీమో మొదలుపెట్టే ముందు బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) తప్పనిసరి. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే సీఏ-125 అనే రక్తపరీక్ష ఫలితం ఒక్కటే చూసి మొదలుపెట్టకూడదు, ఎందుకంటే కడుపులో క్షయ ఉన్నా అది పెరుగుతుంది.