టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

సోమవారం నుంచి నీకు టీచింగ్ ప్రాక్టీస్ అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే, నా తర్వాత మనింట్లో చాక్‌పీస్ పట్టేది నువ్వేనని ఎంత మురిసిపోయానో. ఆ వెంటనే "సీనియర్ రాసిన లెసన్ ప్లాన్ల రికార్డు దొరికిందిలే అమ్మా, ఎలాగోలా పాఠాలు అవగొట్టేసి సంతకాలు పెట్టించుకుని వచ్చేస్తా" అన్నావని కూడా చెప్పింది. అవగొట్టేయడమేంటే? తిట్టడానికి రాయట్లేదు. సరే, కాస్త తిట్టడానికే.

చిన్నవి ముందు చెప్పేస్తా. బెల్ కొట్టకముందే స్కూల్లో ఉండు. బోర్డు మీద రాసేటప్పుడు క్లాసుకి పూర్తిగా వీపు పెట్టకు. ఆఖరి బెంచీలో కూర్చుని నీ రాత కనిపిస్తుందో లేదో ఒకసారి చూసుకో. లెసన్ ప్లాన్ నీదే నువ్వు రాసుకో. ఇక గొంతు, నా భయమంతా దాని గురించే. గోల ఆపాలని నువ్వు అరుస్తావు, నాకు తెలుసు, నేనూ అరిచి అరిచి రెండో వారానికల్లా గొంతు పోగొట్టుకుని మూడు రోజులు సైగలతో పాఠం చెప్పా. అరవకు, మాట్లాడటం ఆపేసి ఊరికే నిలబడు, కాసేపటికి వాళ్లే ఒకళ్లనొకళ్లు ఉష్ ఉష్ అనుకుంటారు. నీళ్ల బాటిల్ మర్చిపోకు.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మక్కూడా తెలీదు.

నా టీచింగ్ ప్రాక్టీస్ రోజుల్లో, మా సూపర్‌వైజర్ గారు నా పాఠం చూడ్డానికి, అదే అబ్జర్వేషన్‌కి, వస్తున్నారని ముందురోజే తెలిసింది. ఏడో క్లాసు, నీటి ఆవిరి పాఠం. నేనేం చేశానంటే ఆ సాయంత్రమే పిల్లలకి రిహార్సల్ పెట్టా, ఏ ప్రశ్నకి ఎవరు చెయ్యెత్తాలో, ఎవరు ఏం చెప్పాలో అన్నీ పంచేశా. మర్నాడు పాఠం గడియారంలా నడుస్తోంది, నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని బోర్డు మీద రాసి అండర్‌లైన్ కూడా చేశా. అప్పుడు నేనేమీ పంచని ఒక పిల్లాడు వెనకనుంచి చెయ్యెత్తాడు. "మేడమ్, మరి తడిబట్ట 100 డిగ్రీలు లేకుండానే ఎలా ఆరిపోతుంది?"

అంతకంటే మంచి ప్రశ్న ఆ నెలంతా నాకు రాలేదు. మరగడం వేరు, ఏ వేడిలోనైనా పైపైనుంచి మెల్లగా ఆవిరవ్వడం వేరు, రెండు మాటల్లో అయిపోయేది, నాకు తెలుసు కూడా. కానీ అది నా ప్లాన్‌లో లేదే! వాడివైపు కళ్లెర్రజేసి "తర్వాత చెప్తా, కూర్చో" అన్నా. సూపర్‌వైజర్ గారు 'పాఠం బాగుంది' అని రాసి వెళ్లిపోయారు, నేను గాల్లో తేలిపోయా.

ఆ తర్వాత వాడు మళ్లీ చెయ్యెత్తలేదు. ఆఖరి రోజు అందరూ నాచుట్టూ మూగి ఆటోగ్రాఫులు అడుగుతుంటే వాడు తలుపు దగ్గర నిలబడి "తర్వాత చెప్తానన్నారు కదా మేడమ్" అన్నాడు, కోపంగా కూడా కాదు, ఊరికే గుర్తు చేసినట్టు. అప్పుడన్నా చెప్పానా? అప్పటికే వ్యాన్ హారన్ కొడుతోంది, వెళ్లి ఎక్కేశా.

ఎలాగోలా అవగొట్టేద్దామనుకోవడం నీ తప్పు కూడా కాదులే, ఈ దశలో అందరికీ మన గురించే బెంగ. 1969లోనే ఫ్రాన్సెస్ ఫుల్లర్ అనే పరిశోధకురాలు చెప్పింది, కొత్త టీచర్లకి ముందు 'నేనెలా కనిపిస్తున్నా' అనే దిగులు, పిల్లలకి ఏం అందుతోందన్న ఆలోచన ఆ తర్వాతెప్పుడో వస్తుందని. నాకు అది చదివాక కాస్త ఊరట, కాస్త సిగ్గు కూడా. ఇంకో ఆవిడ, మేరీ బడ్ రో, క్లాసుల టేపులు విని చూస్తే టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది ఒక్క సెకను, అంతే. మూడు సెకన్లు ఆగితే ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడారట. మూడు సెకన్లు చిన్నదే అనిపిస్తుంది గానీ వెనక బెంచీలో సూపర్‌వైజర్ కూర్చుని ఉంటే చెమటలు పడతాయే. అయినా ఆగు. జవాబు తెలీకపోతే తెలీదను, రేపు చెప్తానని బోర్డు మూల రాసిపెట్టు, చెరిపేయనివ్వకు.

ఆ సీనియర్ రికార్డు ఇచ్చెయ్. ఆవిడ పిల్లలు వేరు, నీ పిల్లలు వేరు. నీ చేతిరాత చూసి నీకే నవ్వొస్తుంది, పర్లేదు, నా మొదటి ప్లాన్ చూపిస్తా, పడీపడీ నవ్వుతావు.

సోమవారం క్లాసయ్యాక ఫోన్ చెయ్యి. పాఠం ఎలా చెప్పావని అడగనులే, వెనక బెంచీ వాళ్లు ఏమడిగారో చెప్పు చాలు. నీళ్ల బాటిల్!

మీ పెద్దమ్మ