చంటాడి నిద్ర పొద్దుల గురించి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో వాడి ఏడుపుకి నీ మాటలు సగం వినపడలేదు. నా మాటలూ నీకు వినపడి ఉండవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఐదు నెలల పిల్లాడు రాత్రి పదకొండున్నర దాకా మేలుకొని గుక్కపెడుతున్నాడన్నావు. పగలు ఎంతసేపు పడుకుంటున్నాడని అడిగితే, రాత్రి బాగా నిద్ర పడుతుందని పగలు ఎక్కువ పడుకోనివ్వడం లేదన్నావు. ముందు ఆ పని మానెయ్, అమ్మా. పెద్దవాళ్ళం ఒళ్ళలిసిపోతే మంచం మీద వాలగానే నిద్రపోతాం. చంటిపిల్లలు అలా కాదు. నిద్ర పొద్దు దాటిపోయిందంటే, వాళ్ళని మేలుకొలిపి ఉంచే హార్మోన్లు ఒంట్లో పెరిగిపోతాయి. అప్పుడు ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. పడుకున్నా గంటకోసారి ఉలిక్కిపడి లేస్తారు.

ఇది నేను మీ అక్క దగ్గర నేర్చుకున్నాను. అది అప్పుడు ఏడో నెల పసిపిల్ల. మీ పెదనాన్న డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటేది. నాన్న వచ్చేదాకా పిల్ల మేలుకొని ఉండాలని, సాయంత్రం కునుకు పట్టినా లేపేసేవాళ్ళం. రాత్రంతా ఏడుపు. దిష్టి తగిలిందని రోజూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాం. ఆ పిల్లకి కావలసింది నిద్ర. రెండు నెలలు దానికి నిద్ర లేకుండా చేశామని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తర్వాత ఏఎన్ఎం నర్సుగా ఇరవై ఏడేళ్ళు ఇంటింటికీ తిరిగాను. ఎన్నో ఇళ్ళలో ఇదే చూశాను.

కాబట్టి గడియారంలో టైం ఎంతయిందని కాదు, వాడు లేచి ఎంతసేపయిందని చూడు. ఐదు నెలల బిడ్డ రెండు గంటలు, మహా అయితే రెండున్నర గంటలు మేలుకొని ఉండగలడు. పొద్దున లేచాక మొదటి కునుకు ఇంకాస్త ముందే రావచ్చు. రెండు గంటలు కావస్తుంటే వాడి మొహం చూస్తూ ఉండు. గిలక్కాయ ఆడిస్తుంటే చూపు పక్కకి తిప్పేస్తాడు. కాసేపు ఎటో చూస్తూ ఉండిపోతాడు. కనుబొమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది. పిడికిలితో కళ్ళు నలుపుకుంటాడు, చెవి పట్టుకు లాగుతాడు. మీ అక్క కూతురైతే నా భుజం మీద తల ఆనించి, చీర కొంగు పిడికిట్లో పట్టుకునేది. అప్పుడే గదిలోకి తీసుకెళ్ళి తెర వేసి జోకొట్టు. ఏడుపు మొదలయ్యాక తీసుకెళితే ఆలస్యమైపోయినట్టే.

వాడికి సరిపడే రోజు ఒకటి రాస్తాను. ఆరున్నరకి లేచాడనుకో. ఎనిమిదిన్నరకి ఒక కునుకు, గంట. నూనె రాసి నీళ్ళు పోశాక పదకొండూ ముప్పావు ప్రాంతంలో రెండోది, గంటన్నర. మూడున్నరకి మూడోది. నాలుగున్నర దాటితే మెల్లగా లేపు. ఏడింటికల్లా రాత్రి నిద్ర. ఈ వయసులో పగలూ రాత్రీ కలిపి పన్నెండు నుంచి పదహారు గంటల నిద్ర కావాలి. అంతా నిమిషాలతో సహా కుదరాలని టెన్షన్ పడకు. ఒక కునుకు చెడితే రాత్రి అరగంట ముందే పడుకోబెట్టు. రాత్రి పాలకి ఒకటి రెండుసార్లు లేవడం ఈ వయసుకి మామూలే. లైటు వెయ్యకుండా, కబుర్లు చెప్పకుండా పట్టి పడుకోబెట్టు.

అరగంటకే లేచిపోతున్నాడని బెంగపడ్డావు. ఆరో నెల దాకా చాలామంది పిల్లల పగటి కునుకు అంతే. లేవగానే ఎత్తేసుకోకుండా రెండు మూడు నిమిషాలు ఆగి చూడు. ఒక్కోసారి మూలిగి మళ్ళీ పడుకుంటారు.

వాడు బోర్లా పడ్డాడని మొన్న బొబ్బట్లు పంచారు కదా, నిద్ర చెడడానికి అదీ ఒక కారణమే. కొత్త విద్య వచ్చిన పిల్లలు నిద్రలో కూడా అదే చేస్తారు. రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. పగలు చాప మీద వేసి బోలెడంత దొర్లనివ్వు. ఇకమీదట ఒళ్ళంతా గుడ్డ చుట్టి పడుకోబెట్టొద్దు, బోర్లా పడితే చేతులు ఆడవు. ఏడాది నిండేదాకా పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. తల గుండ్రంగా వస్తుందని మీ అత్తగారు కుట్టించిన ఆవాల దిండు తీసేయ్. మెత్తటి దుప్పట్లూ బొమ్మలూ పక్కలో వద్దు. రాత్రి చీర ఉయ్యాల్లో వదిలేయొద్దు, మెడ వంగిపోతే ఊపిరి ఆడదు. ఆ గదిలో సాంబ్రాణి పొగ కూడా వద్దు.

ఏడెనిమిది నెలలకి మూడో కునుకు తనంతట తానే మానేస్తాడు. సాయంత్రం ఎంత జోకొట్టినా పడుకోడు, పడుకుంటే రాత్రి నిద్ర తొమ్మిదికి జరిగిపోతుంది. అప్పుడు రెండు కునుకులు చాలు, మధ్యలో మూడు గంటల మెలకువ. పుట్టినరోజు దగ్గరపడుతుంటే రెండోదీ వద్దని ఒకటి రెండు వారాలు పేచీ పెడతాడు. ఇక్కడే చాలామంది తల్లులు తొందరపడి ఒక్క కునుక్కి తెస్తారు. నువ్వు ఆగు, మళ్ళీ దారికి వస్తాడు. అడుగులు వేసి, అరిసెలు పంచి, ఏడాది మీద మూడు నుంచి ఆరు నెలలు గడిచాక అన్నం తిని మధ్యాహ్నం ఒక్కసారి పడుకునే రోజు వస్తుంది. మూడేళ్ళు దాటాక అదీ మెల్లగా పోతుంది. కొందరు ఐదేళ్ళ దాకా పడుకుంటారు, తప్పేం లేదు.

మీ తోడికోడలికి వచ్చే నెల పురుడు కదా. పుట్టిన బిడ్డకి వేళలు పెట్టొద్దని చెప్పు. ముప్పావు గంట, గంట మేలుకుంటే మళ్ళీ నిద్రే, రోజుకి పద్నాలుగు నుంచి పదిహేడు గంటలు. రాత్రీ పగలూ తేడా తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుంది. పగలు వెలుతురులో, రాత్రి మసక చీకట్లో ఉంచితే చాలు. నెలలు నిండకుండా పుడితే వయసు పుట్టిన రోజు నుంచి కాక, డాక్టరు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టాలి.

అల్లుడుగారు తొమ్మిదికి వస్తారనీ, అప్పుడు ఆడించాలని ఆశపడతారనీ చెప్పావు. ఆ ఆశని కాదనకు. పొద్దున లేచిన బిడ్డని మొదటి గంట ఆయన చేతిలో పెట్టు. వాడు హుషారుగా నవ్వేది అప్పుడే. నీకూ ఆ గంట నిద్ర దొరుకుతుంది. అత్తగారితో వాదించకు. "ఒక్క వారం ఇలా చూద్దాం అత్తయ్యా" అను. ఏడింటికి సీరియల్ సౌండ్ తగ్గించమని అల్లుడుగారి చేత చెప్పించు.

గట్టిగా గురక పెట్టినా, నిద్రలో ఊపిరి ఆగినట్టనిపించినా, బరువు పెరగకపోయినా, పాలకి కూడా లేవనంత మగతగా ఉన్నా నా ఉత్తరాలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వచ్చే నెల నీ సెలవు అయిపోతుంది, పగలు వాణ్ణి చూసేది మీ అత్తగారే. అందుకే ఈలోపు వంటింటి క్యాలెండరు మీద వాడు పడుకున్న టైమూ లేచిన టైమూ రాస్తూ రా. వారం అయ్యాక ఫోటో తీసి నాకు పంపు. ఆవకాయ పని కాగానే బండెక్కుతాను. నేనొచ్చిన రోజు సాయంత్రం వాణ్ణి నేనే పడుకోబెడతాను, నువ్వు మాత్రం కడుపునిండా తిని ముసుగుతన్ని పడుకో.

మీ పెద్దమ్మ