గడ్డం మీద చుక్క చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశా, కొమ్మ బ్రహ్మాండంగా పడింది, పిట్టే పడలేదు. పర్లేదులే, నేను బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో టీచర్‌గా చేరిన కొత్తలో నాదీ ఇదే కథ. అది చిన్‌స్పాట్ బాటిస్ అనే ఆఫ్రికా పిట్ట అంటున్నావు, అయ్యుండొచ్చు, కానీ మగదాన్ని ఒక్కదాన్నే చూసి తేల్చెయ్యకు.

పిచుక కన్నా చిన్నది, 12 సెంటీమీటర్లు ఉంటుందంతే. నెత్తి బూడిద రంగు, కళ్లకి నల్ల గుడ్డ కట్టినట్టుంటుంది, అందులోంచి పసుపు కళ్లు, రెక్క మీద తెల్ల చార, ఇదంతా ఆడామగా రెండిటికీ ఒకటే. తేడా రొమ్ము దగ్గరే, మగదానికి నల్ల పట్టీ, ఆడదానికి కొత్త చింతపండు రంగు పట్టీ, పైగా గడ్డం కింద అదే రంగు చుక్క, అచ్చం పెళ్లికూతురికి పెట్టే దిష్టిచుక్కే, ఆ పేరు దాన్నిబట్టే వచ్చింది. ఎక్కువగా జంటగానే తిరుగుతాయి కాబట్టి మగది కనపడితే కదలకుండా ఆగు, రెండోది ఆ పక్క చెట్లోనే ఉంటుంది.

నేనోసారి కలహారి ఎడారి వైపు వెళ్లి మగదాన్ని చూడగానే చిన్‌స్పాట్ అని పెన్నుతో రాసేసుకున్నా, పది నిమిషాలకి ఆడది దిగింది, చుక్కా లేదు పట్టీ లేదు, గొంతు నుంచి రొమ్ము దాకా పలచగా ఇటుకపొడి పూసినట్టుంది. ప్రిరిట్ బాటిస్ అది, చిన్‌స్పాట్‌కి దగ్గర చుట్టం! అప్పుడు మగదాన్ని మళ్లీ చూస్తే పక్కలు మచ్చమచ్చలుగా మాసినట్టున్నాయి, చిన్‌స్పాట్‌కైతే ఉతికినట్టు తెల్లగా ఉంటాయి. పడమర ఎండు నేలల్లోకి పోయేకొద్దీ ఈ ప్రిరిట్ తగులుతుంది, మీ వైపు చిన్‌స్పాటే ఎక్కువ.

అసలు ముందు చెవులు పెట్టు. సంగీతం నేర్చుకున్నావుగా, గ, రి, స అని మెల్లగా కిందకి దిగే ఈల వినపడితే అదే. ప్రిరిట్ మూడుతో ఆపదు, అలా దిగుతూనే పోతుంది. ఎగిరేటప్పుడు రెక్కలు ఫుర్ర్‌మంటాయి. ఆకుల అడుగున పురుగుల్ని ఏరుకుంటూ ఓ కొమ్మ మీద నిమిషం కూడా నిలవదు, దాని వెనక కెమెరా పట్టుకుని పరిగెత్తావో అయిపోయినట్టే. చలికాలంలో రకరకాల పిట్టలు గుంపుగా కలిసి మేస్తుంటాయి చూడు, ఆ గుంపులో వెతుకు.

ఇంకోటి, అక్కడి తుమ్మ ముళ్లు మన ముళ్లకి తాతలు, హవాయి చెప్పులతో పోకు. మీ ఆయన్ని తీసుకెళ్తే ఫోన్ మాత్రం కార్లో పెట్టించు.

పెదనాన్న