రెండో జీతం ఆగిపోయే చోట ఇల్లు కొనకండి

ప్రశ్న: నా వయసు 35. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. చేతికి నెలకు 1,15,000 వస్తుంది. నా భార్య సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తుంది, ఆమెకు 55,000. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాది. తార్నాకలో 19,000 అద్దెకు ఉంటున్నాం. మా అత్తగారిది మల్కాజిగిరి, పగలు పాపను ఆవిడే చూసుకుంటారు. ఎఫ్‌డీల్లో 15 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 13 లక్షలు ఉన్నాయి. తెల్లాపూర్‌లో కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో 1,750 అడుగుల త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 1.35 కోట్లు చెప్పారు, హ్యాండోవర్‌కు రెండున్నరేళ్లు పడుతుంది. మా ఆవిడేమో బోడుప్పల్‌లో 72 లక్షల ఫ్లాటు చాలంటోంది. ఎనిమిదేళ్ల కిందట కట్టింది, 1,400 అడుగులు. అటు వైపు రేట్లు పెరగవని నా భయం. మా నాన్న షాద్‌నగర్ వైపు ప్లాటు కొనమంటున్నారు. తెల్లాపూర్ వెళ్తే అవసరమైతే మా ఆవిడ కొన్నాళ్లు ఉద్యోగం మానేస్తుంది. నెలాఖరులోగా 5 లక్షలు కట్టి బుక్ చేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం మానేసే సంగతి ఉత్తరం చివర్లో తేలిగ్గా అనేశారు. నేను లెక్క అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ ఆవిడ జీతం ఏడాదికి 6.6 లక్షలు. ఐదేళ్లు మానేస్తే, ఇంక్రిమెంట్లు, పీఎఫ్ వదిలేసినా, 33 లక్షలు. ఐదేళ్ల తర్వాత మళ్లీ చేరితే ఇదే జీతం దగ్గర మొదలవుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. పైగా బ్యాంకు తెల్లాపూర్ ఫ్లాటుకు లోను ఇచ్చేది ఇద్దరి జీతాలూ చూసి. లోను వచ్చాక ఒక జీతం ఆపేస్తాం అనుకోవడమంటే బ్యాంకు కూడా ఒప్పుకోని లెక్కకు మీకు మీరే సరేననుకోవడం.

ఇప్పుడు ఆ ఫ్లాటు అసలు ఖరీదు చూద్దాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణంలో ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వరు. అంటే గరిష్ఠంగా 1.01 కోట్లు. మిగతా 34 లక్షలు మీవే. కడుతున్న ఇల్లు కాబట్టి జీఎస్టీ 5 శాతం, 6.75 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కలిపి 7.5 శాతం, ఇంకో 10 లక్షలు. వీటికి సాధారణంగా బ్యాంకు అప్పు ఇవ్వదు. కప్‌బోర్డులు, కిచెన్, లైట్లు, ఫ్యాన్లు అన్నీ కలిపి 10 లక్షల్లో ముగిస్తే మీరు గట్టివాళ్లే. మొత్తం చేతి నుంచి పెట్టాల్సింది 60 లక్షల పైనే. మీ దగ్గర ఉన్నవి 28. మిగతా 32 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారో మీరు రాయలేదు. ఇలాంటి చోట సాధారణంగా పర్సనల్ లోనో, గోల్డ్ లోనో, ఊళ్లో నాన్నగారి పొలమో బయటికొస్తుంది. మూడింటిలో ఏదైనా నేను వద్దనే అంటాను.

1.01 కోట్ల మీద 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు వేసుకుంటే ఈఎంఐ దాదాపు 84,700. ఇద్దరి జీతాల్లో సగం. ఒక్క మీ జీతంలో అయితే నాలుగింట మూడొంతులు. ఇల్లు చేతికొచ్చేదాకా తార్నాక అద్దె ఎలాగూ తప్పదు. లోను విడతలుగా విడుదలవుతుంది కాబట్టి మొదట వడ్డీ తక్కువే ఉంటుంది, కానీ చివరి ఏడాదికి వచ్చేసరికి అటు వడ్డీ, ఇటు అద్దె రెండూ నెత్తిన కూర్చుంటాయి. హ్యాండోవర్ ఆరు నెలలు వెనక్కి జరిగితే ఆ ఆరు నెలలూ మీ ఖాతాలోనే. ఇల్లొచ్చాక మెయింటెనెన్స్, అడుగుకు మూడున్నర వేసుకున్నా, ఆరు వేలు.

తెల్లాపూర్‌ను తక్కువ చేయడం లేదు. మీ ఆఫీసుకు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే, పిల్లలు ఆడుకోవడానికి కమ్యూనిటీ లోపలే చోటు. భార్యాభర్తలిద్దరూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే ఇంటికి నేనే చెబుతాను అటు వెళ్లమని. మీ ఇంట్లో అలా లేదు. మీరు వారానికి మూడు రోజులు పడమటికి వెళ్తారు. మీ ఆవిడ రోజూ సికింద్రాబాద్ వెళ్తారు. పాప రోజూ మల్కాజిగిరిలో ఉంటుంది. ముగ్గురి తిరుగుడూ కలిపి చూస్తే మీ సంసారం తూర్పు హైదరాబాద్‌లో నడుస్తోంది. మీ ఒక్కరి మూడు రోజుల కోసం మొత్తం ఇంటిని పడమటికి మార్చాలని చూస్తున్నారు. అత్తగారు చేసే పనికి ఎవరూ ధర కట్టరు గానీ, డే కేర్‌లో వేసి చూడండి, తెలుస్తుంది. పాపకు జ్వరం వచ్చిన రోజు డే కేర్ వాళ్లు తీసుకోరు, ఆ రోజు ఎవరో ఒకరు సెలవు పెట్టాలి. ఆ సెలవు ఎవరు పెడతారో మీ ఇద్దరికీ తెలుసు.

అందుకే మీ ఆవిడ చెప్పిన దిక్కు సరైనదే అంటాను. ఆ ఫ్లాటే కొనాలా అన్నది వేరే విషయం, దానికి కింద వస్తాను.

తూర్పు వైపు మీకున్న పెద్ద సౌకర్యం మెట్రో. నాగోలు నుంచి రాయదుర్గం దాకా 29 కిలోమీటర్లు ఒకే లైను, దాదాపు గంట ప్రయాణం. ఛార్జీలు పెరిగాక కూడా ఆ చివరి నుంచి ఈ చివరికి 69 రూపాయలు. నెలకు పదమూడు రోజులు వెళ్లినా 1,800 లోపే. ఇప్పుడు తార్నాకలో ఎక్కితే ఉదయం తొమ్మిదికి నిలబడే వెళ్తుంటారు. నాగోలులో బండి మొదలవుతుంది కాబట్టి అక్కడ, కొంతవరకు ఉప్పల్‌లో, కూర్చునే వెళ్లొచ్చు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఇరవై ఏళ్లు కట్టే ఈఎంఐకి ఇరవై ఏళ్ల నడుము కూడా కావాలి కదా. రాయదుర్గంలో దిగాక నానక్‌రామ్‌గూడకు ఆఫీసు షటిలో, క్యాబో వేసుకోవాలి, ఆ ఖర్చు కలుపుకోండి. రెండో దశ ప్రతిపాదనల్లో రాయదుర్గం నుంచి కోకాపేట వైపు పొడిగింపు ఉంది. వస్తే సంతోషం, లెక్కలో మాత్రం వేసుకోకండి. ఇక మీ ఆవిడకు అదే లైనులో సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషను ఉంది.

బోడుప్పల్ ఫ్లాటు లెక్క: 72 లక్షలకు 80 శాతం లోను, అంటే 57.6 లక్షలు. చేతి నుంచి 14.4 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 5.4 లక్షలు, రంగులు, రిపేర్లు, బాత్‌రూమ్‌లకు ఒక 3 లక్షలు. దాదాపు 23 లక్షలు. ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన పాత ఇల్లు కాబట్టి జీఎస్టీ లేదు. అదే 8 శాతం మీద ఈఎంఐ 48,000 చిల్లర, అంటే మీ ఇద్దరి ఆదాయంలో 28 శాతం. ఇంట్లో దిగిన నెల నుంచే 19,000 అద్దె ఆగిపోతుంది. మీ దగ్గర 5 లక్షలు మిగులుతాయి. వాటిని ఎఫ్‌డీలోనే ఉంచండి, సోఫా సెట్ల జోలికి వెళ్లకండి. ఫండ్లు అమ్మేటప్పుడు ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల లాభంలో ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను ఉండదు, ఆపైన 12.5 శాతం. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మే వీలుంటే రెండేళ్ల మినహాయింపూ కలిసొస్తుంది.

రేట్లు పెరగవన్న మీ భయం గురించి. ఈ ఇరవై ఏళ్లలో పడమర ఎక్కువ పెరిగింది, నిజమే. కానీ ఉంటున్న ఇంటి ధర పెరిగితే మీరేం చేస్తారు? అమ్మితే అదే ఏరియాలో అదే పెరిగిన ధరకు ఇంకోటి కొనాలి. రెండు ఈఎంఐల మధ్య తేడా నెలకు 36,500. అందులో 25,000 సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండులో పెడితే, ఏడాదికి సగటున 8 శాతం వచ్చినా పదిహేనేళ్లకు 86 లక్షలు, 10 శాతం వస్తే కోటి దాటుతుంది. గ్యారంటీ ఏమీ లేదు. తెల్లాపూర్ రేటుకూ లేదు. తేడా ఏమిటంటే బాబు ఇంజినీరింగ్‌లో చేరే ఏడాది ఫండులో నుంచి నాలుగు లక్షలు తీసుకోవచ్చు, ఫ్లాటులో నుంచి ఒక బెడ్‌రూమ్ అమ్ముకోలేరు. మిగిలిన పదకొండు వేలూ స్కూలు ఫీజులకే పోతాయి. ఏడాదికి పది శాతం పెరిగే ఫీజు ఏడేళ్లకు రెట్టింపవుతుంది, మీకు ఇద్దరు పిల్లలు.

టాక్సు మిగులుతుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో 2 లక్షల దాకా ఉంది, దానికోసం ఇల్లు కొనడం మాత్రం దండగ.

ఇక బోడుప్పల్‌తో నాకున్న పేచీలు. మొదటిది ఉప్పల్ చౌరస్తా. వరంగల్ హైవే మీద ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి నత్తనడకన సాగాయి. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి వాళ్లంతా ఆ రోడ్డు మీదే రావాలి. మ్యాపులో మెట్రోకు నాలుగైదు కిలోమీటర్లే కనిపిస్తుంది, వర్షం పడ్డ సాయంత్రం మీరే బండి వేసుకుని వెళ్లి చూడండి. రెండోది, బోడుప్పల్‌లో కొన్ని సర్వే నంబర్లు వక్ఫ్ వివాదంలో పడి రిజిస్ట్రేషన్లు ఆగిన చరిత్ర ఉంది. మీరు చూసిన ఫ్లాటు సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో ముందు అదే చూడండి, మిగతావి తర్వాత. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల, తాకట్ల వివరాల సర్టిఫికెట్), పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, ఓసీ, ప్లాన్ ప్రకారమే కట్టారా అన్నది బ్యాంకు లాయరు కాక మీ సొంత లాయరుతో చూపించండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు గురించి. పక్కన చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దులు కనుక్కోండి. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకని, అదే 72 లక్షలకు ఉప్పల్ చౌరస్తా దాటకుండా చూడండి. హబ్సిగూడ, స్టేడియం, ఉప్పల్ మెట్రో స్టేషన్లకు నడిచే దూరంలో, లేదంటే నాగోలులో. 1,400 అడుగులు రాకపోవచ్చు, 1,150 రావచ్చు. నేనైతే చిన్న ఇల్లు తీసుకుని దూరం తగ్గించుకుంటాను. 2020 అక్టోబరు వానలకు నాగోలు, రామాంతపూర్ వైపు కొన్ని కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, ఆ వీధిలో అప్పుడు ఎంత లోతు నిలిచిందో వాచ్‌మన్‌ను, కిరాణా కొట్టాయనను అడగండి, బ్రోకరును అడగొద్దు. ఏప్రిల్, మేలో ట్యాంకర్లకు ఎంతయిందో అసోసియేషన్ వాళ్ల పుస్తకంలో చూడండి. తక్కువకు వస్తుందని నాగారం, దమ్మాయిగూడ వైపు కూడా ఎవరైనా చూపిస్తారు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు అక్కడికి దగ్గర, సాయంత్రం గాలి ఎటు వీస్తుందో ఒకసారి నిలబడి చూసి రండి.

బాబుకు స్కూలు ముందు ఖాయం చేసుకుని దాని బస్సు రూటు మీద ఇల్లు వెతకడం మేలు. జూన్‌లో చేరడానికి చాలా స్కూళ్లలో అడ్మిషన్లు అంతకుముందు దసరా, దీపావళి మధ్యే మొదలవుతాయి. బస్సులో అరగంట దాటితే వద్దు.

నాన్నగారి ప్లాటు మాటకు ఎక్కువ చెప్పను. ప్లాటు అద్దె తగ్గించదు, పిల్లలు అక్కడ పడుకోరు. ఇల్లయ్యాక, సిప్ నడుస్తూ ఉండగా ఇంకా మిగిలితే అప్పుడు చూద్దాం.

ఇంకో మూడు చిన్న పనులున్నాయి. ఇల్లు ఇద్దరి పేరునా రాయించండి, కట్టేది ఇద్దరూ కాబట్టి. 50 లక్షలు దాటిన ఇంటికి అమ్మేవాళ్లకు ఇచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ మీరే పట్టుకుని కట్టాలి, 72 లక్షలకు 72,000. చాలామంది మర్చిపోయి తర్వాత నోటీసులు అందుకుంటారు. లోనుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే బీమా అంటగడితే వద్దనండి, అది తప్పనిసరి కాదు. దాని బదులు మీకు కోటిన్నరకు, మీ ఆవిడకు 75 లక్షలకు విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి.

తెల్లాపూర్ మీద మనసు చావకపోతే ఒక దారి ఉంది. మీ ఆవిడ బ్యాంకుకు కొండాపూర్, లింగంపల్లి వైపు బ్రాంచి ఉందేమో, బదిలీ దొరుకుతుందేమో కనుక్కోండి. అత్తగారు మీతో వచ్చి ఉండగలరా అన్నది ఆవిడనే అడగండి, మీరిద్దరూ అనుకోవడం కాదు. బదిలీ ఆర్డరు చేతికొచ్చి, ఆవిడ సరేనంటే, తెల్లాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఒక విద్యాసంవత్సరం అద్దెకు ఉండండి. 84,700 ఈఎంఐ పడే ఇల్లు అక్కడ 35, 40 వేలకు అద్దెకు దొరుకుతుంది.

ఈ నెలాఖరు 5 లక్షలు మాత్రం కట్టకండి. మానుకుంటే ఎంత తిరిగిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసిస్తే నాకు పంపండి, చదివి చెబుతాను.